‘సవుబోన’ అంటే నిజంగా ‘నిన్ను చూస్తున్నాను’ అనేనా? జులూ పలకరింపుల గురించి ఒక సందేహం

గాజువాక వాసి అడిగిన ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. విశాఖపట్నం రేవుకు వచ్చిపోయే ఓడల సరుకు లెక్కలు చూసే ఒక సంస్థలో నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే నుంచి బొగ్గు తెచ్చే ఓడలతో మాకు తరచుగా పని పడుతుంది. ఆ రేవు జులూ ప్రజలు ఎక్కువగా నివసించే క్వాజులు-నటాల్ రాష్ట్రంలో ఉన్నందువల్ల, వచ్చే నెలలో అక్కడికి వెళ్లబోయే ముగ్గురికి ఆ ప్రాంతపు మర్యాదలు తెలియజేయడానికి మా కార్యాలయంలో ఒక పూట శిక్షణ ఏర్పాటు చేశారు. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.

శిక్షణ ఇచ్చినాయన తెరమీద ఒక వాక్యం చూపించారు. జులూలు ఎదురుపడినప్పుడు ‘సవుబోన’ అంటారనీ, దాని అర్థం ‘నేను నిన్ను చూస్తున్నాను’ అనీ, అవతలి మనిషి ‘సిఖోన’ అని బదులిస్తాడనీ, దాని అర్థం ‘నేను ఇక్కడ ఉన్నాను, నువ్వు చూసేదాకా నేను లేను’ అనీ ఆయన చెప్పారు. హాలులో ఉన్న పదిహేడుమందిమీ చప్పట్లు కొట్టాము. నాకు కూడా ఒళ్లు జలదరించిన మాట నిజమే. అయితే బయటికి వస్తున్నప్పుడు, మూడు గంటలపాటు మాకు టీలు అందించిన కుర్రవాడి పేరు మాలో ఒక్కరికీ తెలియదన్న సంగతి గుర్తుకు వచ్చి, ఇంత గొప్ప అర్థం ఉన్న మాటను ఇంత తేలిగ్గా మెచ్చుకుని వచ్చేయవచ్చునా అనే అనుమానం మొదలైంది. (ఇంటికి వెళ్లి మా అమ్మకు ఈ మాట వినిపించాను. “పొద్దుగూకేళ సావు మాటలేట్రా” అని కసురుకున్నది. శ్రీకాకుళం పక్క పల్లెలో పెరిగిన మనిషికి ‘సవుబోన’లో వినిపించింది అదే మరి.)

నా సందేహాలు ఇవి. ఆ పలకరింపుకు నిజంగా అటువంటి అర్థమే ఉన్నదా, లేక అది మన ‘నమస్కారం’ లాగా అర్థం అరిగిపోయి మర్యాదగా మాత్రమే మిగిలిన మాటా? జులూల నమ్మకాలలో, వారి పితృదేవతల ఆరాధనలో, ఈ పలకరింపుకు ఏమైనా చోటు ఉన్నదా? రోజుకు వందసార్లు పలికే ఒక మాటకు నీతి అంటగట్టడం ఎంతవరకు సమంజసం? అక్కడ ఉండి వచ్చినవారుగాని, భాష తెలిసినవారుగాని వివరిస్తే సంతోషిస్తాను. అక్కడికి వెళ్లి పైపై తెలివితో నవ్వులపాలు కాకూడదన్నది నా ఉద్దేశం.

రేవు మనిషి ఇచ్చిన సమాధానం

గాజువాక వాసి గారికి నమస్కారం. నేను డర్బన్ రేవులో ఆరేళ్లు ఉద్యోగం చేసి, తిరిగి వచ్చి ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను. నేను భాషా పండితుణ్ణి కాను. అయితే ఆరేళ్లపాటు పొద్దున్నే రేవు గేటు దగ్గర నలభైమందితో జులూలో పలకరింపులు అయితేగాని పని మొదలయ్యేది కాదు కాబట్టి, ఈ విషయంలో కొంత అనుభవం ఉన్నదని చెప్పుకోగలను.

ముందుగా మాట సంగతి. ‘సవుబోన’ అన్నది ‘సకుబోన’ అనే రూపం నుంచి వచ్చింది. అందులో ‘బోన’ అంటే చూడటం. నడుమ ఉన్న ‘కు’ లేదా ‘వు’ అంటే నిన్ను. మొదటి ‘స’ మాత్రం ‘నేను’ కాదు, ‘మేము’. ‘నేను నిన్ను చూస్తున్నాను’ అనాలంటే జులూలో ‘న్గియాకుబోన’ అనాలి, కానీ అది పలకరింపు కాదు. కాబట్టి మీ శిక్షకుడు చూపిన అనువాదంలో జారిపోయింది చిన్న అక్షరమే అయినా, నా దృష్టిలో అసలు సంగతి అంతా అందులోనే ఉన్నది. దారిలో ఒంటరిగా ఎదురైన మనిషి కూడా ‘మేము నిన్ను చూశాము’ అనే అంటాడు. ఎదుట ఒకరికి మించి ఉంటే ‘సనిబోన’ లేదా ‘సనిబోనాని’ అంటారు, అప్పుడు ‘ని’ అంటే మిమ్మల్ని.

ఇక బదులు సంగతి. ‘సవుబోన’ అన్నవారికి వెంటనే ‘సిఖోన’ అని ఎవరూ బదులివ్వరు. ‘యేబో, సవుబోన’ అంటారు. యేబో అంటే అవును. ఆ తరువాత ‘ఉన్జాని’ అని అడుగుతారు, అంటే ఎలా ఉన్నావు అని. దానికి ‘న్గియాఫిల’ అనో ‘న్గిఖోన’ అనో చెబుతారు. (ఇందులోని ‘ఫ’ను ఫలం అన్న మాటలో పలికినట్టు పలకండి, కాఫీలో పలికినట్టు కాదు. మన పెద్దబాలశిక్ష చదివినవారికి ఇది కష్టం కాదు.) ‘ఫిల’ అంటే బతకడం, ఆరోగ్యంగా ఉండటం కూడా. ఆరోగ్యానికీ జీవితానికీ వాళ్లకు ‘ఇంపిలో’ అనే ఒకే మాట ఉన్నది. ‘ఖోన’ అంటే అక్కడ ఉండటం, హాజరుగా ఉండటం. ‘సిఖోన’ అంటే ‘మేము ఉన్నాము’ అని మాత్రమే, మనం ‘ఏదో ఇలా ఉన్నామండీ’ అన్నట్టుగా. ‘నువ్వు చూసేదాకా నేను లేను’ అన్న తాత్పర్యం ఆ మాటలో ఎక్కడా లేదు. 1994లో బాగా పేరుపొందిన ఒక నిర్వహణ శాస్త్ర గ్రంథం ఈ ‘సవుబోన – సిఖోన’ జంటను కార్యాలయాల ప్రపంచానికి పరిచయం చేసింది. అప్పటినుంచి అది చేతులు మారి మారి శిక్షణ తరగతులన్నింటిలోకీ చేరింది. ఇప్పుడు అంతర్జాలంలో ‘షికోబా’ అనే బదులు కూడా ప్రచారంలో ఉన్నది. ఆరేళ్లలో నేను ఆ మాటను ఒక జులూ నోట ఒక్కసారైనా వినలేదు.

అలాగని అక్కడి పలకరింపులో ఏమీ లేదని కాదు. మాట అర్థంలో వెతికితే దొరికేదానికంటే, ఆ మాట పలకకపోతే ఏమవుతుందో చూస్తే ఎక్కువ బోధపడుతుంది. నేను చేరిన తొలి వారంలో, తూకం యంత్రం దగ్గర ఉన్న ఒక పెద్దాయన వద్దకు వెళ్లి నేరుగా “ఆ మూడో లారీ కాగితాలు ఎక్కడ?” అని అడిగాను. ఆయన నన్ను చూసి, కొంతసేపు ఆగి, “సవుబోన” అన్నాడు. నేను మళ్లీ కాగితాల మాటే ఎత్తాను. ఆయన మళ్లీ “సవుబోన” అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. నేను బదులు పలికి, ఆయన ఎలా ఉన్నాడో అడిగి, నేను ఎలా ఉన్నానో చెప్పిన తరువాత మాత్రమే కాగితాలు బయటికి వచ్చాయి. పలకరించకుండా పని అడగటం అంటే ఆయన దృష్టిలో నేను ఒక మనిషిని కాక, ఒక సొరుగును లాగి చూస్తున్నట్టు. ప్రయాణికులను ఎక్కించుకునే చిన్న వ్యానులను అక్కడ టాక్సీలు అంటారు. వాటిలోకి ఎక్కినవారు లోపల కూర్చున్న ముక్కూ మొహం తెలియని వారందరినీ కలిపి ‘సనిబోనాని’ అని పలకరించడం కూడా నేను రోజూ చూసిందే. మన విశాఖలోని ఎన్.ఎ.డి. కూడలిలో షేర్ ఆటో ఎక్కి అలా అంటే ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి.

మరొక సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. ‘మేము నిన్ను చూశాము’ అని నోటితో అంటూనే, చిన్నవారు పెద్దవారి కళ్లలోకి సూటిగా చూడరు. తల కొద్దిగా వంచుతారు. కుడి చెయ్యి చాపి, ఎడమ చేతితో ఆ కుడి ముంజేతిని పట్టుకుని కరచాలనం చేస్తారు. ఏదైనా అందుకునేటప్పుడు రెండు చేతులూ చాపుతారు. ఈ మన్ననను ‘హ్లోనిఫ’ అంటారు. అంటే చూపు గురించిన పలకరింపులో చూపు కలపకపోవడమే మర్యాద. అందుచేత ఆ ‘చూడటం’ కళ్లకు సంబంధించినది కాదని, ఎదుటివారిని లెక్కలోకి తీసుకున్నామని చెప్పడమేనని నాకు అర్థమైంది. మీ శిక్షణలో “కళ్లలో కళ్లు పెట్టి సవుబోన అనండి” అని చెప్పి ఉంటే, దయచేసి ఆ సలహాను సముద్రం ఇవతలే వదిలేసి వెళ్లండి.

వీడ్కోలు మన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ఉండిపోయేవారు వెళ్లేవారితో ‘హంబ కాహ్లే’ అంటారు, చక్కగా వెళ్లు అని. వెళ్లేవారు ఉండిపోయేవారితో ‘సాల కాహ్లే’ అంటారు, చక్కగా ఉండు అని. ఎవరు గడప దాటుతున్నారో చూసుకుని మాట ఎంచుకోవాలి. నేను ఏడాదిపాటు ఈ రెంటినీ తారుమారు చేసి, నేనే వెళ్లిపోతూ వాళ్లను ‘వెళ్లిరండి’ అంటూ వచ్చాను. నా ఎదుట ఎవరూ నవ్వలేదు.

పాత తెలుగు మాష్టారు ఇచ్చిన సమాధానం

రేవు మనిషి గారు మాటను చక్కగా విప్పి చెప్పారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. జులూ భాషను పుస్తకాల ద్వారా తెలుసుకోవడమే తప్ప విని ఎరుగను. ఆ పరిమితిలోనే రెండు మూడు సంగతులు మనవి చేస్తాను.

తెలుగులో మేము, మనము అని రెండు మాటలు ఉన్నాయి. జులూలో ఆ భేదం లేదు. అందువల్ల ‘సవుబోన’ను తెలుగు చేసేవారు ‘మేము’ అనక తప్పదు, ఎందుకంటే చూడబడుతున్నవాడు చూసేవారిలో చేరడానికి వీలులేదు. అయితే ఒంటరిగా నిలబడి పలకరించే మనిషికి ఆ ‘మేము’ ఎక్కడినుంచి వచ్చింది? గౌరవ బహువచనం అందామంటే, అది పలికేవాడికి చెందిన బహువచనం, ఎదుటివాడికి చెందినది కాదు. కొందరు దీనిని ఇంటిల్లిపాదీ అని వివరిస్తారు. మరికొందరు, మనిషి ఎప్పుడూ ఒంటరిగా నడవడని, అతని వెంట అతని ‘అమడ్లోజి’, అంటే గతించిన పెద్దలు, నడుస్తారని, ఆ పెద్దలు కూడా కలిసి చూస్తున్నారని అంటారు. ఈ రెండవ వివరణ మనసుకు హత్తుకుంటుంది గాని, వ్యాకరణం దానిని రుజువు చెయ్యదు. వ్యాకరణం చెప్పేది బహువచనం ఉన్నదని మాత్రమే. ఆ బహువచనంలో ఎవరెవరు నిలబడి ఉన్నారన్నది ఆ ప్రజల ఆచారాన్ని చూసి తెలుసుకోవలసిందే.

ఆచారం వైపు చూస్తే ఆధారాలు లేకపోలేదు. ‘ఇసంగోమ’ అని పిలిచే సోదె చెప్పే వైద్యులను జులూలు పలకరించేటప్పుడు ‘మఖోసి’ అంటారు. అది ‘ప్రభువులారా’ అనే బహువచనం. ఆ మనిషిలో పలికే పెద్దలకు ఆ వందనం చెందుతుంది. మన ఉత్తరాంధ్ర పల్లెలలో గణాచారి మీదికి అమ్మవారు వచ్చినప్పుడు, నిన్నటిదాకా ‘ఒసే’ అని పిలిచిన మనిషినే ‘తల్లీ’ అని చేతులు జోడించడం చూసినవారికి ఇది వింతగా తోచదు. అలాగే ‘నిన్జాని’, అంటే మీరంతా ఎలా ఉన్నారు అని, ఒక్క మనిషినే అడగటం, అతడు ‘సిఖోన’, మేము ఉన్నాము, అని ఇంటివారందరి తరఫున బదులివ్వడం అక్కడ మామూలు. పోయిన ‘సిఖోన’ ఇక్కడ తన అసలు చోటులో దొరికిందన్నమాట. మన ‘ఇంట్లో అంతా కులాసానా?’ కూడా ఇటువంటిదే.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆకర్షించింది వారి ‘ఇజిథకజేలో’. ప్రతి వంశానికీ ఒక పొగడ్త పేరు, ఒక్కొక్కప్పుడు పేర్ల వరుస, ఉంటుంది. ఖుమాలో వంశంవారిని ‘మ్న్‌టుంగ్వ’ అనీ, బుతెలేజి వంశంవారిని ‘షేంగే’ అనీ, జులూ రాజవంశీకులను ‘న్డబేజిథ’ అనీ పిలవడం గౌరవం. పూర్వులలో ఎవరో ఒకరి పేరు అలా వంశానికి పొగడ్తగా నిలిచిపోతుంది. ఎదుటి మనిషిని ఆ పేరుతో పిలిచినప్పుడు అతనితోపాటు అతని పెద్దలను కూడా పిలిచినట్టే. ఇంటిపేరుకు వారి మాట ‘ఇసిబోంగో’. ‘బోంగ’ అంటే పొగడటం, కృతజ్ఞత చెప్పడం. అందుకే ‘న్గియాబోంగ’ అంటే ధన్యవాదాలు. అంటే వాళ్లకు ఇంటిపేరు కూడా ఒక పొగడ్తే.

మన అభివాదంలోని ప్రవరను దీనితో పోల్చి చూడండి. అక్కడా ఋషుల పేర్లు, గోత్రం, సూత్రం, శాఖ వరుసగా వస్తాయి. కానీ ఆ వరుస చదివేది నమస్కరించేవాడు, తన గురించి. జులూ పద్ధతిలో వంశాన్ని చదివేది ఎదుటివాడు. నా పెద్దలు ఎవరో నేను చెప్పుకోవడానికీ, నా పెద్దలు ఎవరో నువ్వు నేర్చుకుని వచ్చి నన్ను ఆ పేరుతో పిలవడానికీ మధ్య చాలా దూరం ఉన్నది. పైగా ప్రవర అందరికీ లేదు. మన ఊళ్లో ‘మీ ఇంటిపేరేమిటి?’ అని అడిగేవారిలో సగంమంది అడుగుతున్నది ఇంటిపేరు కాదన్న సంగతి చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ కూడా ఇసిబోంగో వివాహ నిషేధానికి పనికివస్తుంది. ఒకే ఇసిబోంగో ఉన్నవారు పెళ్లాడరు, మన సగోత్రీకుల వలె. ఆ మేరకు పోలిక ఉన్నది.

ఇక చూపు సంగతి. తెలుగువారి పలకరింపు పేరులోనే పలుకు ఉన్నది, చూపు లేదు. చావు జరిగిన ఇంటికి వెళ్లడాన్ని కూడా ‘పలకరించడానికి వెళ్లాము’ అంటాము. అక్కడినుంచి లేచి వచ్చేటప్పుడు ‘వెళ్లొస్తాము’ అనము, మాట లేకుండా వచ్చేస్తాము. జులూలు అటువంటి ఇంట్లో ‘అకుహ్లాంగ లుంగేహ్లాంగ’ అంటారు, ఇంతకుముందు ఎన్నడూ జరగనిది ఇప్పుడు జరగలేదు అని. పరామర్శకు అంతకంటే నిరాడంబరమైన వాక్యం నేను ఎరుగను. చూపు విషయంలో మనకు రెండు మనసులు. దిష్టికి భయపడి బిడ్డ బుగ్గన చుక్క పెట్టే మనమే, సింహాచలంలో ఏడాది పొడుగునా చందనం మాటున ఉండే అప్పన్న నిజరూపాన్ని అక్షయ తృతీయనాడు ఒక్క క్షణం చూడటానికి తెల్లవార్లూ వరుసలో నిలబడతాము. అక్కడ మనం స్వామిని చూడటం ఒక్కటే కాదు, స్వామి చల్లని చూపు మన మీద పడటం కూడా ఉన్నది. ఇక తోటి మనిషి విషయానికి వస్తే, చూడటం గురించిన మన పలకరింపు చూపు కరువైనప్పుడు పుడుతుంది: “ఏమిటండీ, బొత్తిగా నల్లపూసైపోయారు!” జులూ వాడు చూశామని పలకరిస్తాడు, తెలుగువాడు కనబడటం లేదని పలకరిస్తాడు.

పెదవాల్తేరు నుంచి ఒక న్యాయవాది

మాష్టారికి నమస్కారం. మీరు చెప్పినవన్నీ ముచ్చటగా ఉన్నాయి గాని, ముచ్చటలోనే ప్రమాదం ఉన్నదని నా మనవి.

హ్లోనిఫ గురించి రేవు మనిషి గారు మగవారి కరచాలనం దాకా చెప్పి ఆగారు. సంప్రదాయంలో ఆ మన్నన బరువంతా మోసేది కోడలు. మామగారి పేరునే కాదు, ఆ పేరులోని అక్షరాలు వినిపించే ఇతర మాటలను కూడా ఆమె పలకకూడదు. వాటికి బదులు వేరే మాటలు వాడాలి. దానివల్ల ఆడవారికి ప్రత్యేకమైన ఒక పదజాలమే ఏర్పడింది. భర్త పేరు చెప్పలేక ‘మా ఇంటాయన’ అని నెట్టుకొచ్చిన మా అమ్మమ్మ తరానికి ఇందులో అర్థం కానిది ఏమీ ఉండదు. కాబట్టి ‘మేము నిన్ను చూశాము’ అన్నప్పుడు, ఎవరు తల ఎత్తి అంటున్నారు, ఎవరు తల దించి అంటున్నారు అని కూడా అడగాలి.

రెండవది, చూడబడటం ఎప్పుడూ గౌరవం కాదు. అదే దేశంలో నల్లజాతివారు ఎక్కడికి వెళ్లినా గుర్తింపు పుస్తకం వెంట ఉంచుకుని, అడిగిన పోలీసుకు చూపించవలసిన చట్టాలు 1986 వరకు అమలులో ఉన్నాయి. రాజ్యం వాళ్లను రోజూ చూసేది. నెరిసిన గడ్డంతో ఉన్న మనిషిని కూడా ‘బాయ్’ అని పిలిచేవారు. మూడవది, పలకరింపు ఎంత గొప్పదైనా మనుషులను కాపాడుతుందన్న హామీ లేదు. 2021 జూలైలో డర్బన్ దగ్గరి ఫీనిక్స్‌లో, తరతరాలుగా ఇరుగుపొరుగున ఉన్న భారత సంతతివారికీ నల్లజాతివారికీ మధ్య ప్రాణాలు పోయాయి. ‘వసుధైవ కుటుంబకం’ అని రాసుకున్న మనం దీనిమీద వేలెత్తి చూపడానికి లేదు.

అయినా ఒక్క విషయంలో నేను తలవంచుతాను. ‘ఉముంటు న్గుముంటు న్గబంటు’ అని ఒక జులూ సామెత ఉన్నది. మనిషి మనుషుల వల్లనే మనిషి అని దాని అర్థం. ‘ఉబుంటు’ అనే మాటతో ప్రపంచానికి తెలిసినది ఈ భావమే. 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగం ముగింపు మాటలలో, ప్రతీకారం కాదు, ఉబుంటు కావాలి అని రాసుకున్నారు. 1995 జూన్ 6న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మక్వాన్యానె కేసులో మరణశిక్షను కొట్టివేస్తూ, పలువురు న్యాయమూర్తులు ఆ మాటను ఆధారం చేసుకున్నారు. హంతకుడు కూడా ఆ ‘బంటు’లో, మనుషులలో, ఒకడే అని తేల్చడం సులువైన పని కాదు. ఒక పలకరింపు వెనుక నీతి ఉన్నదా లేదా అని నన్ను అడిగితే, నేను పదం వ్యుత్పత్తిని కాక ఆ తీర్పును చూపిస్తాను. వృత్తి దోషం అనుకోండి.

గాజువాక వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ‘నేను’ కాదు ‘మేము’ అన్న ఒక్క సవరణతో నా ఆలోచన తలకిందులైంది. ‘నేను నిన్ను చూస్తున్నాను’ అంటే చూసినవాడి ఔదార్యంలా వినిపిస్తుంది. ‘మేము చూశాము’ అంటే ఆ మనిషి బాధ్యత ఒక ఊరి మీద పడ్డట్టు వినిపిస్తుంది. న్యాయవాది గారు గుర్తుచేసిన చరిత్రను మా శిక్షణలో ఎవరూ ఎత్తలేదు. మిగిలిన ఇద్దరు సహోద్యోగులకు ఈ చర్చ మొత్తం పంపించాను. తెరమీద చూపిన వాక్యాన్ని సరిచేయమని శిక్షకుడికి కూడా రాశాను గాని, ఇంకా బదులు రాలేదు.

రేవు మనిషి గారూ, ఒక చిన్న సందేహం మిగిలిపోయింది. మేము అక్కడ ఏ వంశంవారితో మాట్లాడుతున్నామో తెలియనప్పుడు, పెద్దవారిని ఏమని పిలవాలి? తప్పుగా పొగిడితే ప్రమాదమా? మరొకటి, అక్కడ మన తెలుగువారి సంతతి ఇంకా ఉన్నారని విన్నాను. వారిని పలకరించే పద్ధతి ఎలా ఉంటుంది?

రేవు మనిషి

వంశం తెలియనప్పుడు వయసులో పెద్దవారిని ‘బాబ’ అనండి, తండ్రీ అని. ఆడవారైతే ‘మామ’ అనండి, అమ్మా అని. మన చెవికి అది మేనమామలా వినిపిస్తుంది, అలవాటు చేసుకోవాలి. ముసలమ్మలను ‘గోగో’ అంటారు. ‘సనిబోన, బాబ’ అని బహువచనంతో అన్నా తప్పుపట్టరు. పొగడ్త పేరు మాత్రం తెలిసిన తరువాతే వాడండి. ఇసిబోంగో అడిగి, ఇజిథకజేలో ఏమిటో అడిగి నేర్చుకుని, మరునాడు ఆ పేరుతో పిలిచి చూడండి. నేను తూకం దగ్గరి పెద్దాయనను, ఆయన ఖుమాలో వంశీకుడని తెలిసిన మరునాడు, ‘మ్న్‌టుంగ్వ’ అని పిలిచాను. పనులన్నీ ఆపి, ఆ వరుసలోని మిగతా పేర్లన్నీ నాకు వినిపించి, ఒక్కొక్కటీ తిరిగి నా చేత పలికించాడు. ఆ రోజు మూడు లారీలు ఆలస్యమయ్యాయి.

తెలుగు సంతతి విషయం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో అనే ఓడ కూలీ ఒప్పందం మీద వెళ్లిన తొలి భారతీయులను డర్బన్‌లో దించింది. 1911 వరకు అలా వెళ్లినవారు 1,52,000 మంది పైచిలుకు. వారిలో మన విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలవారు కూడా ఉన్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. నాయుడు, రెడ్డి అన్న పేర్లు సరే, ‘అప్పలసామి’, ‘అప్పలరాజు’ అనేవి అక్కడ ఇంటిపేర్లుగా వినిపించినప్పుడు నేను నిలబడిపోయాను. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకుని ఓడ ఎక్కిన మనిషి పేరు గుమాస్తా రాతలో కుటుంబం మొత్తానికి ఇంటిపేరై ఉంటుందని నా ఊహ. చాలామందికి తెలుగు రాదు. ఇంగ్లీషు వస్తుంది, కొందరికి జులూ కూడా వస్తుంది. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు అటువంటి ఒక అప్పలసామి గారి మనవరాలు. పొద్దున్నే తలుపు తీసి నాతో ‘నమస్కారం’ అనేది, వెనువెంటనే పనమ్మాయి వైపు తిరిగి ‘సవుబోన’ అనేది. నాకు చెప్పిన మాటకు అర్థం ఏమిటని ఒకసారి అడిగాను. తెలియదన్నది. రెండో మాటకు మాత్రం అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. నేను పైన రాసిన వ్యాకరణంలో సగం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

మీరు బయలుదేరే తేదీ తెలియజేయండి. ఆమె చిరునామా మీకు విడిగా పంపుతాను. వెళ్లేటప్పుడు సింహాచలం చందనం ప్రసాదం కొద్దిగా పట్టుకెళ్లండి.